తీర్పు గురించి మాట్లాడరాదు

మార్ష్‌ఫోర్డ్,
జనవరి చివరి వారం

డెల్ఫీన్ పిన్నికి,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. మీ లోయలో ఫోను పట్టదు, పట్టిన రోజున నువ్వు ఎత్తవు. ఇక ఆఫీసు కంప్యూటర్లో ఏం రాసినా అది జనం సొత్తట, ఏ విలేకరి వచ్చి అడిగినా తీసి చూపించాలట. అందుకని కాగితం మీద పడ్డాను. నా దస్తూరీ ఇంత ఘోరంగా ఉంటుందని నాకే ఇప్పుడు తెలిసింది.

నా ఉద్యోగం ఏమిటని క్రిస్మస్‌కి అడిగావు. అప్పుడు నోటి నిండా మాంసం కూరిన రొట్టె ఉండి చెప్పలేదు. మన రాష్ట్రంలో జడ్జిలు ఆరేళ్ళకోసారి శాసనసభ ముందుకొచ్చి, ఇంకో ఆరేళ్ళు ఉండనివ్వమని అడగాలి. అలా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి, ఉంచొచ్చో వద్దో సభకి చెప్పేది మా కమిటీ. అందులో నేను గుమాస్తా కంటే కాస్త ఎక్కువ, లాయరు కంటే చాలా తక్కువ. కమిటీ అంటే పెద్దగా ఊహించుకోకు. ఒకాయన పశువుల డాక్టరు. ఒకావిడ సత్రం నడుపుతుంది. ఇంకొకాయన ఏం చేసి బతుకుతాడో ఇక్కడ ఎవరికీ తెలీదు. గది నిండా తడిసిన ఉన్ని కోట్ల వాసన. వాళ్ళ ముందు జడ్జి కూర్చుంటుంది. జనాన్ని జైలుకి పంపే మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకోవాలో బల్ల మీద పెట్టుకోవాలో తెలీక అవస్థ పడుతుంది. మొదటి వారం చూడ్డానికి బాగుండింది. ఇప్పుడు ఆవులిస్తున్నాను.

అసలు సంగతి ఇది. ఈ ఏడు వచ్చేవాళ్ళలో జడ్జి స్లేటన్ ఉంది. మన కోలెట్ పోయాక దాని కూతురు మేజీని నువ్వు ఎలా పెంచావో నేను కళ్ళారా చూశాను. ఆ పిల్లని, తాగుడు మానేశాను చూడండి అంటూ వాళ్ళ నాన్న గారెట్ రాగానే వాడి చేతిలో పెట్టింది ఆ స్లేటనే. తండ్రికి ఇష్టమైనప్పుడు అమ్మమ్మకి చూపించవచ్చు అని రాసింది. ఆ ఇష్టం వాడికి ఇంతవరకూ పుట్టలేదు.

మార్చిలో బహిరంగ విచారణ ఉంటుంది. జడ్జి గురించి ఎవరైనా వచ్చి మైకు ముందు చెప్పుకోవచ్చు. మా ఛైర్మన్, సెనేటర్ టట్టిల్, నిన్న నన్ను వరండాలో ఆపి, "స్లేటన్ చేతిలో దెబ్బతిన్న మామూలు మనుషులు ఎవరైనా తెలుసా అమ్మాయ్?" అన్నాడు. నీ పేరు చెప్పాను. చెప్పకముందు నిన్ను అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా?

నీ
రెనే


సెయింట్ ఒమేర్,
ఫిబ్రవరి

ఒసే రెనే,

ఎవరూ పోలేదని మొదటి ముక్కలోనే రాసి బతికించావు. మీ అమ్మయితే చివర్న రాసేది.

ఇక్కడ చలికి నా స్కూలు బస్సు పొద్దున్నే స్టార్టు కానంటోంది. ఇంజను కింద దీపం పెట్టి, దాన్ని తిట్టి, బతిమాలి బయల్దేరదీస్తున్నాను. పిల్లలెక్కేసరికి నా నోరు అరిగిపోయి ఉంటుంది. అది వాళ్ళ అదృష్టం.

మైకు ముందు మాట్లాడ్డమా? నేను? చర్చిలో మీ పినతండ్రి అంత్యక్రియలకే నోరు విప్పలేకపోయాను, ఫాదరే ఏదో చెప్పి సర్దేశాడు. టైలు కట్టుకున్నవాళ్ళ ముందు నా ఇంటి గోల చెప్పుకోడానికి అంత దూరం రావాలా? పైగా నీ ఛైర్మను ఎవరే? ఇన్నాళ్ళూ లేని ప్రేమ నా మీద ఎందుకు పుట్టుకొచ్చింది?

ఒక్కటే అడుగుతాను, తిన్నగా చెప్పు. ఆవిడ సీటు పోతే మేజీ సంగతి మళ్ళీ చూస్తారా? చూస్తారంటే మంచులో నడిచైనా వస్తాను. చూడరంటే, ఎవరి ఉద్యోగం ఊడితే నాకేం ఒరుగుతుంది? ఆవిడా ఆడదే, ఆవిడకీ పొయ్యిలోకి కట్టెలు కావాలి.

మేజీకి వచ్చే నెల పుట్టినరోజు. మంచు బూట్లు కొన్నాను. పాదం ఎంత పెరిగిందో తెలీదు, అందుకని దుకాణంలో ఆ వయసు పిల్ల ఎవరైనా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఒక పిల్ల వచ్చింది. వాళ్ళమ్మ నన్ను అదోలా చూసింది.

జవాబు రాయి. తిన్నగా.

డెల్ఫీన్ పిన్ని


మార్ష్‌ఫోర్డ్,
ఫిబ్రవరి

పిన్నీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివాను. బూట్ల దగ్గరకొచ్చేసరికి సూప్ గిన్నె పక్కకి పెట్టేశాను.

కొత్త జడ్జి వస్తే కొత్త కళ్ళతో చూస్తారు కదా పిన్నీ. మేజీని చూడనివ్వమని నువ్వు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దారి ఉంది. అంతవరకూ ధైర్యంగా చెప్పగలను.

ఇక్కడ ఒక నియమం ఉంది, అది ముందే తెలుసుకో. తలుపు మీదే అట్ట మీద రాసి పెట్టారు: "తీర్పు గురించి మాట్లాడరాదు." అంటే జడ్జి ఇచ్చిన తీర్పు తప్పా ఒప్పా అన్నది ఇక్కడ ఎత్తకూడదు. దానికి పై కోర్టు ఉంది. ఇక్కడ చెప్పాల్సింది ఆవిడ నడవడి గురించే. నీ మాట విన్నదా, మర్యాదగా ఉందా, విసుక్కుందా, ముందే ఒక వైపు మొగ్గిందా. నువ్వు తీర్పు ఎత్తగానే ఛైర్మన్ చెక్క సుత్తితో బల్ల మీద కొడతాడు.

తమాషా ఏమిటంటే ఆ నియమం ఆయనకీ ఉంది. టట్టిల్ మా జిల్లాలో తన స్నేహితుల గ్రానైటు క్వారీని కొండ మీదికి పెంచాలని చూస్తే, స్లేటన్ కుదరదని తీర్పు ఇచ్చింది. అప్పట్నుంచి ఆవిడ అంటే ఆయనకి కడుపుమంట. అలాగని క్వారీ మాట ఎత్తలేడు. అందుకని ప్రతి సమావేశంలోనూ "ఆవిడ మనసు కఠినమేమో అన్న సందేహం నాకుంది" అంటాడు. పాపం, ఎంత బాధగా అంటాడో. నాకు నవ్వొస్తుంది. నీకు చెప్తే నవ్వుతావని రాశాను.

నన్ను పిలిచి, సమావేశాలు అయ్యాక ఇక్కడ పూర్తికాలం ఉద్యోగం ఉంటుందన్నాడు, లా కాలేజీకి సిఫార్సుగా తనే నాలుగు ముక్కలు రాస్తానన్నాడు. ఇది వేరే సంగతి. ఊరికే చెప్పాను.

ఎలా మొదలుపెట్టాలో వెనక కాగితం మీద రాశాను. "నా పేరు డెల్ఫీన్ గోయెట్. నా మనవరాలి కేసులో జడ్జి స్లేటన్ నా పట్ల ఎలా ప్రవర్తించారో చెప్పడానికి వచ్చాను." అక్కణ్ణుంచి నీ మాటల్లోనే చెప్పు.

రెనే


సెయింట్ ఒమేర్,
ఫిబ్రవరి చివర

రెనే,

సరే, వస్తాను. దారి ఉందన్నావు కదా, అదొక్కటి చాలు. మేడ మీద మేజీ గదిలో కర్టెన్లు ఉతికి ఆరేశాను. గడ్డకట్టి అట్టల్లా నిలబడ్డాయి, లోపలికి తెచ్చి పొయ్యి పక్కన నిలబెట్టాను. ముసలిదానికి మతి పోయిందనుకో, ఫర్వాలేదు.

పిల్లల్ని దింపేసి ఖాళీ బస్సు తోలుకొస్తూ నువ్వు రాసింది వల్లిస్తున్నాను. మొదటి రెండు ముక్కలు బాగానే వస్తున్నాయి. ఆ తర్వాతే చిక్కు. నా కోపమంతా తీర్పు మీదే ఉంది. అది తీసి పక్కన పెట్టి మిగిలిందేమిటా అని చూస్తే చెప్పుకోడానికి పెద్దగా ఏమీ కనబడ్డం లేదు.

ఆ రోజు గారెట్ లాయరు నన్ను మధ్యలో ఆపబోతే ఆవిడ, "కూర్చోండి, ఆమె ఇంకా పూర్తి చెయ్యలేదు" అంది. పిల్ల ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో అడిగింది. వాళ్ళమ్మ కావాలని ఏడిస్తే ఏం చెప్తానో అడిగింది. ఏం చెప్తానంటే... అది నీకు రాయను. ఆవిడకి చెప్పాను. రాసుకుంటున్నదల్లా కలం పక్కన పెట్టేసింది.

ఇదంతా చెప్తే నీ టట్టిల్‌కి నచ్చుతుందంటావా?

ఏ బస్సు ఎక్కాలో రాయి. వేరేవాళ్ళు తోలుతుంటే ఎక్కి కూర్చోవడం నాకు పడదు. బ్రేకు వాళ్ళ కాలి కింద, భయం నాకు.

పిన్ని


మార్ష్‌ఫోర్డ్,
మార్చి

పిన్నీ,

తొందరలో రాస్తున్నాను. పొద్దున్న బస్సు ఎక్కు, ముందు సీట్లో కూర్చో, డ్రైవర్‌కి సలహాలు ఇవ్వకు. స్టాండు నుంచి శాసనసభ బంగారు గోపురం కనబడుతుంది, దానికేసి నడిచి వచ్చెయ్. మెట్ల మీద మంచు గీకి ఇసుక చల్లారు, అయినా కమ్మీ పట్టుకో.

నేను గదిలో ఉండకూడదట, సాక్షికి బంధువుని కదా. పక్క గదిలో ఉంటాను.

పిల్ల ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో అలాంటివి చెప్పకపోయినా ఫర్వాలేదు. సమయం తక్కువ. మేజీని చూసి ఎంత కాలమైందో అది చెప్పు. ఏడుపు వస్తే ఆపుకోవద్దు. ఈ మాట టట్టిల్ చెప్పమన్నాడు. కానీ నాకూ అదే అనిపిస్తోంది. నిజంగానే ఆపుకోవాల్సిన పని ఏముంది?

రెనే


సెయింట్ ఒమేర్,
మార్చి, విచారణ అయిన మర్నాడు

రెనే,

నువ్వు పక్క గదిలోంచి వినే ఉంటావు. అయినా నా నోటితో నేను చెప్తాను.

నాకంటే ముందు ఒకాయన తన కంచె గొడవ మొదలుపెట్టాడు. రెండు మాటలు అన్నాడో లేదో సుత్తి. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ సుత్తి. చివరికి ఆ పెద్దమనిషి, "మరి నేను దేని గురించి మాట్లాడాలి, ఆవిడ టోపీ గురించా?" అని వెళ్ళి కూర్చున్నాడు. జడ్జి ముందు వరసలోనే ఉంది, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని. కోర్టులో వేసుకునే నల్ల గౌను లేకుండా చిన్నగా కనిపించింది. టోపీ మాత్రం నిజంగానే బాగాలేదు.

నన్ను పిలిచారు. నువ్వు రాసిచ్చినది చెప్పాను. ఆ తర్వాత కాగితం మడిచేశాను. ఇంత దూరం వచ్చాను కదా, అసలు సంగతి తేల్చుకుందాం అనిపించింది.

"అయ్యా, ఒక మాట అడగొచ్చా?" అన్నాను.

"అడగండమ్మా, మీకోసమే కదా ఇది," అన్నాడు టట్టిల్. మేపుల్ పాకం కారుతోంది గొంతులోంచి.

"ఈ జడ్జిగారిని పంపించేస్తే మా మేజీ కేసు మళ్ళీ చూస్తారా?"

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "అది ఈ కమిటీ పరిధిలోకి రాదమ్మా."

"పరిధి సంగతి అడగలేదయ్యా. చూస్తారా, చూడరా?"

ఆయన నీళ్ళు తాగాడు. అప్పుడు ఆ పశువుల డాక్టరు కళ్ళద్దాలు తీసి, "చూడరు, డెల్ఫీన్," అన్నాడు. మా నాన్న ఆవులకి పురుళ్ళు పోసినవాడు, నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. "జడ్జి ఉన్నా పోయినా ఇచ్చిన తీర్పు ఇచ్చినట్టే ఉంటుంది. ఇది నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు," అన్నాను. "అయితే నేనెందుకొచ్చినట్టు?"

వెనక ఎవరో నవ్వి, మధ్యలో ఆపేశారు.

టట్టిల్ ముందుకి వంగాడు. "మీ బాధ చెప్పుకోడానికి వచ్చారమ్మా. చెప్పండి, జడ్జిగారు మీ పట్ల కఠినంగా ఉన్నారా?"

"కఠినంగా ఉన్నది తీర్పయ్యా. ఆవిడ కాదు."

సుత్తి ఎత్తాడు. కొట్టలేదు. నేను తీర్పు ఎత్తినట్టా కాదా అని ఆయనకే తేలలేదు.

"ఆవిడ విన్నది," అన్నాను. "నేను చెప్పినదంతా విన్నది. జన్మలో నన్ను అంతసేపు విన్నవాళ్ళు లేరు, పోయిన మా ఆయనతో సహా. అంతా విని పిల్లని ఇచ్చేసింది. వినకుండా ఇచ్చేసి ఉంటే తిట్టుకుంటూ బతికేదాన్ని. ఇప్పుడు అదీ లేదు."

అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోవద్దన్నావు కదా, ఆపుకోలేదు. సత్రం నడిపేదన్నావే, ఆవిడ లేచొచ్చి చేతిరుమాలు ఇచ్చింది. జడ్జి నా వైపు చూడలేదు. తల వంచుకుని సంచీ పట్టుకునే ఉంది.

బయటికొచ్చాక నీ గది తలుపు చూశాను. తట్టలేదు. బస్సుకి టైమైంది.

తిన్నగా చెప్పమన్నాను నిన్ను, ఫిబ్రవరిలో. నీకు అప్పుడే తెలుసా?

డెల్ఫీన్


మార్ష్‌ఫోర్డ్,
ఏప్రిల్ మొదటి వారం

పిన్నీ,

తెలుసు.

ఈ ఒక్క మాట కింద చాలా రాసి చించేశాను. రాసిన ప్రతిదీ, చదివితే, నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే ఉంది. అందుకని జరిగింది మాత్రం రాస్తాను.

విచారణలో జనం ఏమన్నారో సభ్యులందరికీ సారాంశం రాసివ్వడం నా పని. నీ భాగం దగ్గర టట్టిల్ వేలు పెట్టి, "సాక్షి కన్నీరుమున్నీరయ్యారు అని ఉంచు. మిగతాది తీసెయ్," అన్నాడు.

"ఎందుకు ఏడ్చిందో లేకపోతే ఎలాగండీ?" అన్నాను.

"ఇది సారాంశం అమ్మాయ్. నవల కాదు."

"ఆమె అన్నది నాలుగు ముక్కలే కదండీ."

ఆయన నవ్వాడు. కోపం వస్తే నవ్వుతాడని నాకు అప్పటికి తెలియదు. నేను నీ మాటలన్నీ పెట్టాను, చేతిరుమాలుతో సహా. కాగితం అందరి బల్లల మీదికీ వెళ్ళిపోయింది. ఇదేదో గొప్ప పని చేశానని రాయడం లేదు. నీ ఉత్తరం నా చేతిలో లేకపోతే నేనూ కన్నీళ్ళే ఉంచేదాన్నేమో. ఆ గదిలో కూర్చుంటే అదేమీ పెద్ద తప్పులా కనిపించదు. అక్కడ అందరూ ఒకటి మనసులో పెట్టుకుని ఇంకోటి మాట్లాడతారు, సాయంత్రానికి అలిసిపోతారు, ఇంటికెళ్తారు.

నిన్న ఉభయసభలూ కలిసి ఓట్లేశాయి. స్లేటన్ నిలబడింది, కొద్దిపాటి తేడాతో. ఓటేసే ముందు పశువుల డాక్టరు లేచి నీ మాటలు చదివాడు. క్వారీ పేరు చివరిదాకా ఎవరూ ఎత్తలేదు. అందరికీ తెలుసు. పూర్తికాలం ఉద్యోగం వేరే అబ్బాయికి ఇచ్చారు. మే వరకూ జీతం వస్తుంది. ఆ తర్వాత చూడాలి.

ఇప్పుడు నేను జనవరిలోనే రాయాల్సిన మాట. మేజీని చూడనివ్వమని దరఖాస్తు పెట్టుకోడానికి జడ్జి మారనక్కర్లేదు. పరిస్థితులు మారాయని చూపించి ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఇన్నాళ్ళుగా గారెట్ ఒక్కసారీ పిల్లని చూపించలేదు, అదే చాలు కారణం. నేను చెప్పి ఉంటే నువ్వు ఈపాటికే పెట్టుకుని ఉండేదానివి. దారి ఉందని నేను రాసింది అబద్ధం కాదు. ఆ దారికీ ఈ కమిటీకీ సంబంధం లేదని రాయలేదు.

ఇంకొకటి. జడ్జిలని జిల్లాలు మారుస్తూ ఉంటారు కదా. సెప్టెంబరు నుంచి మీ జిల్లాకి వేసింది స్లేటన్‌నే. నువ్వు ఇప్పుడు దరఖాస్తు పెడితే, విచారణకొచ్చేసరికి అది ఆవిడ బల్ల మీదికే వెళ్తుంది. ఆగితే, వచ్చే ఏడు ఇంకొకరు వస్తారు. ఏది మంచిదో నేను చెప్పను. చెప్పే మొహం లేదు.

రెనే


సెయింట్ ఒమేర్,
ఏప్రిల్

రెనే,

ఇక్కడ మంచు కరిగి రోడ్లన్నీ బురద. సోమవారం బస్సు ఇరుసు దాకా దిగబడితే, పెద్ద పిల్లలు దిగి తోశారు. బూట్లు బురదలో వదిలేసి మేజోళ్ళతో ఎక్కారు. వాళ్ళ తల్లులు నా పేరు చెప్పి ఏం తిట్టుకుంటున్నారో.

నీ మీద కోపం పోలేదు. వెనకేసుకురాకుండా రాశావు, అది చూశాను. కోపం పోవడానికి అది చాలదు. నువ్వు పుట్టినప్పటి నుంచి నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని. నన్ను ఏడిపించడానికి ఆ టట్టిల్‌కి అప్పగించావు. ఏడుపు ఆపుకోవద్దన్న మాట నీ దస్తూరీలోనే వచ్చింది. టట్టిల్ మీద నాకేం కోపం లేదు, వాడెవడో నాకు తెలీదు.

ఉద్యోగం పోయిందని మీ అమ్మకి ఇంకా చెప్పి ఉండవు. చెప్పు. నా ద్వారా తెలిస్తే బాగుండదు.

దరఖాస్తు గురించి వారమంతా ఆలోచించాను. ఇంకో ఏడాది ఆగితే కొత్తవాళ్ళు రావచ్చు, వాళ్ళు మెత్తగా ఉండొచ్చు. లేదా గడియారం చూసుకుంటూ నన్ను సగంలో ఆపెయ్యొచ్చు. ఆవిడ మాత్రం వింటుంది. విని మళ్ళీ కాదంటుందేమో. అప్పుడు ఇంటికొచ్చి ఏం చేస్తానో నాకు తెలీదు. అయినా ఏడాది ఆగడం నావల్ల కాదు రెనే. పిల్ల ఆగదు కదా, పెరిగిపోతుంది.

అందుకని ఆవిడ ముందుకే వెళ్తాను. కోర్టు ఆఫీసులో కాగితాలు తెచ్చుకున్నాను. మొదటి పేజీలో పేరు, ఊరు రాశాను. రెండో పేజీలో ఏం అడుగుతున్నారో అర్థం కాలేదు. లాయరు దగ్గరకెళ్ళే స్తోమత లేదు, ఊళ్ళో ఇంకెవరికీ చూపించను.

శనివారం వచ్చి నింపిపెట్టు. బఠాణీ సూప్ ఉంటుంది. నీతో మాట్లాడతానని మాత్రం అనుకోకు.

పిన్ని